పోటీలో అర్హత ప్రశ్న

పోటీ అన్నచోట హద్దు తప్పదు. పన్నెండేళ్ల పిల్లవాణ్ణి పాతికేళ్ల వస్తాదుతో కుస్తీకి దించరాదని చెప్పడానికి సిద్ధాంతాలు అక్కర్లేదు. కనక అర్హత నిబంధనలన్నీ అన్యాయమేననడం తొందరపాటు. నిబంధన దేన్ని కొలుస్తున్నది? ఆటనా, లేక ఆటగాడి పుట్టుకనూ బతుకుతెరువునూనా? విచారించవలసింది ఇది. ఈ విచారణకు గోల్ఫు క్లబ్బుల చరిత్ర బాగా పనికివస్తుంది. అది సంపన్నుల ఆట, మనకెందుకని పాఠకులు అనుకోవచ్చు. సంపన్నుల ఆట గనకనే చూడాలి. ఒక వర్గం తన ఇంట్లో, తనవాళ్ల మధ్య న్యాయాన్ని ఎలా నిర్వచించుకుంటుందో అక్కడ దాపరికం లేకుండా కనిపిస్తుంది.

1885లో ఇంగ్లండులోని హొయ్‌లేక్‌లో రాయల్ లివర్‌పూల్ క్లబ్బు అమెచ్యూర్లకని ఒక పెద్ద పోటీ పెట్టింది. అమెచ్యూరంటే డబ్బుకోసం కాక ఆట మీద ఇష్టంతో ఆడేవాడు. డగ్లస్ రోలండ్ అనే స్కాట్లండు రాతిపనివాడు తన పేరు పంపుకున్నాడు. క్లబ్బు నిరాకరించింది. అంతకు ముందు ఏడు ప్రెస్ట్‌విక్‌లో జరిగిన ఓపెన్ పోటీలో అతను మరొకరితో సమంగా రెండో స్థానంలో నిలిచి బహుమతి డబ్బు పుచ్చుకున్నాడు, అదీ నేరం. కాని అదే హొయ్‌లేక్ వాడు, క్లబ్బుకు కావలసినవాడు జాన్ బాల్ కూడా 1878 ఓపెన్ పోటీలో కుర్రతనాన పది షిల్లింగులు పుచ్చుకున్నాడు. అతనికి ప్రవేశం దొరికింది.

మరుసటి ఏడు అమెచ్యూరుకు నిర్వచనం రాశారు. గోల్ఫు కర్రలు గాని బంతులు గాని అమ్మకానికి తయారు చేసినవాడు అమెచ్యూరు కాడు. పదిహేనేళ్లు దాటాక కూలికి ఇతరుల కర్రలు మోసినవాడు కాడు. డబ్బు తీసుకుని ఆట నేర్పినవాడు కాడు. 1886 సెప్టెంబరు 1కి ముందు ఐదేళ్లలో ఓపెన్ పోటీలో డబ్బు బహుమతి పుచ్చుకున్నవాడూ కాడు. ఈ ఐదేళ్ల లెక్క చూడండి. 1878 దానికి అవతల పడింది, 1884 ఇవతల పడింది. రాసినవారి ఉద్దేశం ఏదైనా కావచ్చు, బాల్ లోపలా రోలండ్ బయటా ఉండేలా గీత పడింది.

ఇంకొకటీ గమనించదగ్గది. చేసేవాడు, మోసేవాడు, నేర్పేవాడు, ఈ ముగ్గురూ లేకపోతే గోల్ఫు ఆటే లేదు. ఆటను నిలబెట్టిన శ్రమ మూడు రూపాల్లో ఉంటే మూడింటినీ ఏరి మరీ అనర్హతలుగా లెక్కవేశారు. పెద్దమనుషులు తమలో తాము కాసుకునే పందేల జోలికి మాత్రం ఆ నిర్వచనం పోలేదు. పందెంలో చేతులు మారిన డబ్బు ఆటను మలినం చేయదు కాబోలు!

దీనికి ఒక సమాధానం ఉంది, తీసిపారేయదగ్గది కాదు. ఆటే వృత్తిగా పగలంతా సాధన చేసేవాణ్ణి, పని ముగించుకుని సాయంత్రం గంటసేపు ఆడేవాడి మీదికి వదలడం న్యాయమా అని. న్యాయం కాదు. కాని ఆ లెక్కన తీరిక ఎవరికుందో చూడాలి. రోజల్లా రాళ్లు కొట్టి సాయంత్రం మైదానానికి వచ్చేవాడు రోలండ్. వారంలో ఏ పూటనైనా ఆడుకోగల ఆస్తిపరులు అవతలి పక్షంవారు. తీరికే కొలబద్ద అయితే నిజమైన అమెచ్యూరు రాతిపనివాడే. ఆ కొలబద్దతో నిబంధన రాయడానికి ఎవరూ సాహసించలేదు.

తెలుగు పాఠకుడికి ఇక్కడ భారతం గుర్తు రాక మానదు. అస్త్రవిద్యా ప్రదర్శన రంగంలో అర్జునుడితో తలపడతానని కర్ణుడు ముందుకు వస్తే కృపాచార్యుడు అతని విల్లును చూడలేదు, కులం అడిగాడు. ఈ ఘట్టం చెప్పేటప్పుడు మనవాళ్లు దుర్యోధనుణ్ణి మెచ్చుకోవడం పరిపాటి. కాని అతను చేసిందేమిటి? నిబంధన తప్పనలేదు. అప్పటికప్పుడు అంగరాజ్యమిచ్చి కర్ణుణ్ణి నిబంధనకు సరిపెట్టాడు. నిబంధన అలాగే ఉంది, తనకు కావలసినవాడు దాటాడు. ఐదేళ్ల గడువు పెట్టిన పద్ధతికీ దీనికీ భేదం తక్కువ.

అమెరికాలోనూ ఇదే కథ. చిన్ననాడు కర్రలు మోసిన ఫ్రాన్సిస్ విమె 1913లో దేశపు ఓపెన్ పోటీ గెలిచాడు. 1916లో క్రీడాసామగ్రి వ్యాపారం చేస్తున్నాడని అతని అమెచ్యూరు హోదా తీసేశారు, 1918లో తిరిగి ఇచ్చారు. కాని అంతకన్న బాధ కలిగించే ఉదాహరణ వృత్తి ఆటగాళ్లదే. పెద్దమనుషుల పోటీల నుంచి గెంటివేతకు గురైన ఈ శ్రామికులు పి.జి.ఏ. అనే తమ సంఘం పెట్టుకున్నారు. 1934లో ఆ సంఘం శ్వేతజాతివారికే సభ్యత్వమని రాసుకుంది! అణగినవాడు తన కింద మరొకణ్ణి వెతుక్కోవడం మనకు కొత్త కాదు, మన పల్లెల్లో బావుల దగ్గర చూసిందే. 1961లో కాలిఫోర్నియా అటార్నీ జనరల్ స్టాన్లీ మాస్క్ ఆ నిబంధనతో తమ రాష్ట్రంలో పోటీ జరపనివ్వనన్నాడు. సంఘం పోటీని పెన్సిల్వేనియాకు తరలించింది. చివరికి ఆ ఏడు నవంబరులోనే నిబంధన తొలగించింది. అప్పటికే వయసు మళ్లుతున్న నల్లజాతి ఆటగాడు చార్లీ సిఫర్డ్ ఆ తర్వాత 1967లో, 1969లో పెద్ద పోటీలు గెలిచాడు. అతనికంటే ముందువాళ్లకు ఆ అవకాశం రాలేదు.

క్లబ్బు మా ఇల్లు, మా ఇంటికి ఎవరిని పిలవాలో మా ఇష్టం అని ఒక వాదం ఉంది. నిజమే, ఇంట్లో పిల్లలు ఆడుకునే ఆటకు ఊరందరినీ పిలవనక్కర్లేదు. కాని గెలిచినవాణ్ణి ‘దేశపు విజేత’ అన్న క్షణాన అది ఇంటి ఆట కాకుండా పోతుంది. సగంమందిని గుమ్మం బయట నిలబెట్టి లోపలివారిలో మొదటివాడికి దేశం పేరు పెట్టడం అబద్ధం చెప్పడమే. గెలిచినవాడికి కూడా అది అన్యాయం, తాను ఎవరిని ఓడించాడో అతనికి ఎప్పటికీ తెలియదు.

ఇదే ఆటలో మెచ్చదగిన నిబంధన కూడా ఉందని చెప్పకపోతే పక్షపాతమవుతుంది. దాన్ని హ్యాండీక్యాప్ అంటారు. ఆటగాడి మునుపటి ఆటలను బట్టి అతనికి కొన్ని దెబ్బలు మినహాయింపు ఇస్తారు. 2020 నుంచి ప్రపంచమంతటా ఒకే పద్ధతి, దాని గరిష్ఠ పరిమితి 54. దీనివల్ల నేర్చుకుంటున్న గుమాస్తా ఆరితేరిన ఆటగాడితో సమంగా తలపడగలడు. పుట్టుక అడగదు, ఆటనే కొలుస్తుంది. కాని ఆ లెక్క చాలావరకు గుర్తింపు పొందిన క్లబ్బు ద్వారా చేతికి వస్తుంది. తూకం న్యాయమైనదే, త్రాసు ఎవరింట్లో ఉంది?

2022 జనవరి 1 నుంచి అమెచ్యూరు నిబంధనలు చాలా సడలాయి. హ్యాండీక్యాప్ లేని పోటీలో అమెచ్యూరు కొంత మేరకు డబ్బు బహుమతి పుచ్చుకోవచ్చు, ప్రకటనల ద్వారా సంపాదించుకోవచ్చు. రోలండ్ నేరం ఇప్పుడు నేరం కాదు. నూట ముప్ఫై ఆరేళ్లు పట్టింది.

మన దేశంలో ఇండియన్ ఓపెన్‌ను మొదట గెలిచిన భారతీయుడు బిల్లూ సేఠీ, 1965లో, అమెచ్యూరుగా. మరో భారతీయుడు గెలవడానికి 1991 దాకా పట్టింది. ఆ అలీ షేర్ ఢిల్లీలో కర్రలు మోస్తూ ఆట నేర్చినవాడు. మైదానంలో ప్రతిరోజూ, అందరికన్న దగ్గరగా ఆటను చూసేది కర్రలు మోసేవాళ్లే. వాళ్లకు నైపుణ్యం రావడం వింత కాదు.

ఇక దక్షిణాఫ్రికాలోని నేటాల్. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి చెరకు తోటల కూలికి వెళ్లినవారిలో మన తెలుగువారూ ఉన్నారు. అక్కడి భారతీయుల్లో పుట్టినవాడు పాప్వా సెవ్‌గోలుం. అతనూ కర్రలు మోసినవాడే. చేతులు తారుమారుగా, ఎడమచెయ్యి కిందికి పెట్టి కర్ర పట్టేవాడు. 1959లో, 1960లో హాలండు ఓపెన్ గెలిచాడు. 1963లో డర్బన్ కంట్రీ క్లబ్బులో నేటాల్ ఓపెన్ ఆడనిచ్చారు, గెలిచాడు. తెల్లవారు కానివారికి క్లబ్బు భవనంలో ప్రవేశం లేదు కనక వానలో, బయట నిలబెట్టి బహుమతి చేతికిచ్చారు. పోటీకి అర్హుడు, గుమ్మానికి అనర్హుడు. 1965లో గ్యారీ ప్లేయరును ఓడించి అదే పోటీ మళ్లీ గెలిచాడు. ఆ తర్వాత ప్రభుత్వం అతన్ని దేశంలోని పోటీలలో ఆడకుండా నిషేధించింది. మొదట భవనంలోకి రావద్దన్నవారు, గెలుపు రెండోసారి వచ్చేసరికి మైదానంలోకే రావద్దన్నారు.