గోల్ ఎవరిది?

"అమ్మమ్మా, ఏ పనికైనా ఐదు కారణాలుంటాయన్నావు కదా. మరి గోల్ పడకపోతే హోయ్లుండ్ ఒక్కణ్ణే ఎందుకు తిడతారు?"

గీత పద్దెనిమిదో అధ్యాయం చెబుతున్నప్పుడు మా మనవడు అడిగాడు. సంస్కృతం పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని నేను. ఫుట్‌బాల్ వాడి వల్లే అలవాటైంది. వాడు మాంచెస్టర్ యునైటెడ్ అభిమాని, మ్యాచ్ ఉంటే మా ఇంట్లో నిద్ర ఉండదు. ఆ అధ్యాయం మీద ఇంత సూటి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

రాస్ముస్ హోయ్లుండ్ డెన్మార్క్ కుర్రాడు. 2003 ఫిబ్రవరి 4న కోపెన్‌హేగెన్‌లో పుట్టాడు. తండ్రి ఫుట్‌బాల్ ఆడినవాడు, తల్లి పరుగుపందేల్లో పోటీపడినావిడ, కవల తమ్ముళ్లిద్దరూ ఫుట్‌బాలర్లే. పంతొమ్మిదేళ్లయినా నిండకముందే దేశం విడిచి ఆస్ట్రియాలోని స్టుర్మ్ గ్రాజ్‌కి వెళ్లాడు. 2022 ఆగస్టులో ఇటలీలోని అటలాంటాకి, మరుసటి ఆగస్టులో మాంచెస్టర్‌కి. అప్పటికి వయసు ఇరవై. యునైటెడ్ చెల్లించింది 6.4 కోట్ల పౌండ్లు, షరతులు నెరవేరితే మరికొంత. మన రూపాయల్లో ఆరువందల కోట్ల పైమాటే.

స్ట్రైకర్‌కి అంత ధర పెట్టేది గోల్ కోసమే. ఇంగ్లండ్ లీగ్‌లో తొలి పద్నాలుగు మ్యాచ్‌లు ఒక్క గోల్ లేకుండా పోయాయి. ఆ నెలల్లోనే ఛాంపియన్స్ లీగ్‌లో ఐదు కొట్టాడు. అందులో రెండు కోపెన్‌హేగెన్‌లో, తనకు తొలి అవకాశమిచ్చిన క్లబ్ మీదే. ఆ రాత్రి యునైటెడ్ 4-3తో ఓడింది. 2023 డిసెంబర్ 26న ఆస్టన్ విల్లా మీద 82వ నిమిషంలో లీగ్‌లో అతని మొదటి గోల్ పడింది, మ్యాచ్ గెలిపించింది. అక్కణ్నుంచి ఆడిన ప్రతి లీగ్ మ్యాచ్‌లోనూ కొడుతూ పోయి, వరుసగా ఆరింటిలో ఏడు గోల్స్ చేశాడు. ప్రీమియర్ లీగ్‌లో ఇంత చిన్న వయసులో ఆ వరుస ఎవరికీ లేదు. అప్పటికి అతనికి ఇరవై ఒక్క ఏళ్ల పద్నాలుగు రోజులు.

డిసెంబర్ మొదట్లో చేతకానివాడు ఫిబ్రవరికి వీరుడయ్యాడు. మనిషి అతనే, కాళ్లు అవే.

గీత చెప్పే ఐదు కారణాలు అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం. అధిష్ఠానమంటే శరీరం. తల్లి పరుగు అతని తొడల్లోకి వచ్చిందంటే అది అతను సంపాదించుకున్నది కాదు. కరణాలు ఇంద్రియాలు, చేష్టలు ప్రాణవాయువుల కదలికలు. అయిదోదైన దైవం దగ్గర ఆచార్యుల దారులు విడిపోయాయి. కన్ను మొదలైన ఇంద్రియాలకు తోడ్పడే ఆదిత్యాది దేవతలన్నారు శంకరులు. లోపల ఉండి నడిపించే పరమాత్మ అన్నారు రామానుజులు. అలాగైతే జీవుడికి ఇది చెయ్యి, అది చెయ్యకు అని చెప్పడం దేనికన్న ఆక్షేపణను ఆయనే లేవనెత్తి, జవాబూ చెప్పారు. పెద్ద బండరాయిని పదిమంది కలిసి కదిపినప్పుడు ఆ పదిమందిలో ఒక్కొక్కడూ కారణమే, ఒక్కొక్కడికీ బాధ్యత ఉంటుంది.

నాకు ఇందులో ఫుట్‌బాల్ జట్టు కనిపిస్తుంది. వింగర్ బంతి పంపకపోతే స్ట్రైకర్‌కి బంతే లేదు. అయినా పంపేవాడు పంపే క్షణానికి స్ట్రైకర్ గోల్ ముందుకు పరుగెత్తి ఉండాలి. పది పరుగుల్లో తొమ్మిదిటికి బంతి రాదు. ఆ తొమ్మిదీ ఎవరూ లెక్కపెట్టరు. నా దృష్టిలో హోయ్లుండ్‌ని హోయ్లుండ్‌గా చూపించేవి అవే.

మనవడితో మాత్రం నేను అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. గోల్ పడని రోజుల్లో "పాసులు రావట్లేదు పాపం" అన్నాడు వాడు. మరి ఏడు గోల్స్ పడ్డప్పుడు "పాసులు వచ్చాయి" అనలేదేం? ఐదు కారణాలను ఓటమిలో గుర్తు చేసుకుని గెలుపులో మరిచిపోతే అది వేదాంతం కాదు, వకాల్తా. నిందను పంచేవాళ్లు పొగడ్తనూ అదే చేత్తో పంచాలి.

2025 మే 21న బిల్బావోలో యునైటెడ్‌కి యూరోపా లీగ్ ఫైనల్. టోటెన్‌హామ్ ఒక గోల్ ముందుంది. వాళ్ల గోల్‌కీపర్ బంతిని పట్టలేకపోయాడు, హోయ్లుండ్ తలతో గోల్ వైపు కొట్టాడు. వాళ్ల డిఫెండర్ మికీ వాన్ డె వెన్ గాల్లోకి లేచి, గీత దాటబోతున్న బంతిని కాలితో వెనక్కి తన్నేశాడు. 1-0తోనే కప్పు పోయింది. హోయ్లుండ్ చేయవలసిందంతా చేశాడు. అవతల మరో కర్త కూడా తన పని పూర్తిగా చేశాడు. ఆ రాత్రి హోయ్లుండ్‌ని తప్పుపట్టిన మాట ఏది విన్నా నాకు నొప్పిగానే ఉంది.

జీతం తీసుకుని ఆడేవాడు ఫలం మీద ఆశ ఎలా వదులుకుంటాడని గీత క్లాసులో ఒకాయన అడిగారు. వదులుకోలేడు, వదులుకోనక్కర్లేదు కూడా. గోల్ కోసమే పరుగెత్తాలి, లేకపోతే అది పరుగే కాదు. ఆ గోల్ నా ఒక్కడిదన్న భావం పోతే చాలంటాను. అది పోతే పద్నాలుగు మ్యాచ్‌ల బరువు ఇరవై ఏళ్ల కుర్రాడి ఒక్కడి నెత్తిన పడదు.

ఆ వేసవిలో యునైటెడ్ మరో యువ స్ట్రైకర్‌ని కొనుక్కుంది. తమ స్ట్రైకర్ రోమెలు లుకాకు తొడ గాయంతో మూలపడటంతో ఇటలీలోని నాపోలికి అత్యవసరంగా ఒక స్ట్రైకర్ కావలసి వచ్చి, సెప్టెంబర్ 1న హోయ్లుండ్‌ని లోన్ మీద తీసుకుంది. ఫియోరెంటినా మీద తొలి మ్యాచ్‌లోనే, పద్నాలుగో నిమిషానికే గోల్ కొట్టాడు. మనవడు ఎగిరి గంతేశాడు, నేనూ సంతోషించాను. ఆ తర్వాత లుకాకు గుర్తొచ్చాడు. అతని తొడ నొప్పి ఈ గోల్‌కి ఐదింటిలో ఏ కారణం కింద వస్తుంది? దైవం అనేయడం సులువు. ఇంకొకరి బాధను నా అవకాశానికి దైవమని పిలవడానికి మాత్రం నాకు నోరు రావడం లేదు. రామానుజుల భాష్యం మళ్లీ తీసి చదువుతున్నాను.