దిగని విమానం

యాంగోన్‌లో నేనుండేది అహ్లోన్ అనే పేటలో. ఊరికి పడమటి వైపు, నది ఒడ్డున. ఒకప్పుడు మనవాళ్ళు ఈ ఊరిని ‘రంగం’ అనేవాళ్ళని శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల పాఠకులకి నేను చెప్పక్కర్లేదు. 2013లో ఉద్యోగం మీద వచ్చాను. నా పనుల్లో ఒకటి మా ఆఫీసు మనుషుల్ని మాండలేకి, హేహోకి విమానాల్లో పంపించడం, అవసరమైతే నేనూ వెళ్ళడం. మొదటి వానాకాలంలోనే విమానాశ్రయాల వాతావరణ సమాచారం చదవడం అలవాటైంది.

దాన్ని ‘మెటార్’ అంటారు. గంటకో అరగంటకో ఒక్క వరుస. యాంగోన్ విమానాశ్రయానికి ‘వీవైవైవై’ అని నాలుగక్షరాల గుర్తు. దాని పక్కన గాలి ఏ దిక్కునుంచి, ఎన్ని నాట్ల వేగంతో వీస్తోంది, చూపు ఎన్ని మీటర్ల దాకా ఆనుతోంది, మబ్బులు ఎన్ని అడుగుల ఎత్తులో ఉన్నాయి, వానా, ఉరుమా, పొగమంచా, గాలి ఒత్తిడి ఎంత. అంతే. ‘భయంకరంగా ఉంది’ అని ఉండదు, ‘పరవాలేదు, రండి’ అనీ ఉండదు. చూసినవాడు చూసింది చెప్పి ఊరుకుంటాడు. దిగాలా వద్దా అన్నది పైనున్న పైలట్ ఇష్టం. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం కూడా విమానం విషయంలో ఆఖరి మాట కెప్టెన్‌దే. విశేషణాలతో బతికే తెలుగువాడిని కాబట్టి కాబోలు, ఈ పొడి వాక్యం మీద నాకు గౌరవం కలిగింది.

2017 డిసెంబరులో ఒక పొద్దున హేహో వెళ్తున్నాను. హేహో షాన్ కొండల్లో దాదాపు 3,860 అడుగుల ఎత్తున ఉంటుంది. ఇన్లే సరస్సుకి, తౌంజీకి వెళ్ళాలంటే దిగేది అక్కడే. చలికాలం తెల్లవారుజామున ఆ లోయలో పొగమంచు పాలు పోసినట్టు నిండిపోతుంది. మా విమానం కిందికి వచ్చింది, కిటికీలో తెల్లదనం తప్ప ఏమీ లేదు, ఒక్కసారి ఇంజన్లు హోరుమన్నాయి, మళ్ళీ పైకి లేచాం. కాసేపు చుట్టూ తిరిగాం. రెండోసారీ అంతే. తర్వాత పైలట్ వెనక్కి తిప్పేశాడు. యాంగోన్‌లో దిగేసరికి తెలిసిన వార్త ఏమిటంటే, మేము తిరిగొచ్చిన పావుగంటకో ఇరవై నిమిషాలకో మరో కంపెనీ విమానం హేహోలో హాయిగా దిగిందట.

ఇక చూడాలి జనం కోపం! పిరికివాడన్నారు, పని రానివాడన్నారు. అరవకుండా కూర్చున్నది నా పక్క సీటులో వచ్చిన ఒకావిడ మాత్రమే. తౌంజీలో ఆవిడ తండ్రి చివరి ఘడియల్లో ఉన్నాడు. మర్నాటి విమానంలో ఆవిడా నేనూ మళ్ళీ పక్కపక్కనే వెళ్ళాం. ఆవిడ చేరేసరికి తండ్రి లేడు. హేహోలో దిగాక ఫోన్లో ఆ మాట విని, బెల్టు దగ్గర సామాను కోసం నిలబడి, తన సంచీ రెండుసార్లు ముందునుంచి వెళ్ళిపోయినా తీసుకోలేదు. మూడోసారి నేను తీసిచ్చాను.

ఆ పైలట్ చేసింది సరైనదేనా?

‘సరైనదే, ప్రాణాలు ముఖ్యం కదా’ అని చటుక్కున అనేవాళ్ళని నేను కాస్త అనుమానంగా చూస్తాను. ఎవరి ప్రాణాలు? అతను దిగడానికి ప్రయత్నిస్తే ఏదో జరిగేదన్న రుజువు ఎక్కడుంది? జరగని ప్రమాదానికి సాక్ష్యం ఉండదు. జరిగిన నష్టానికి మాత్రం నా కళ్ళముందు ఒక మనిషి ఉంది.

అయితే అదే హేహోలో, 2012 డిసెంబరు 25న, ఎయిర్ బగాన్ ఫోకర్-100 విమానం మంచులో రన్‌వేకి కిలోమీటరుకి పైగా ఇవతలే నేలని తాకి తగలబడింది. ఇద్దరు పోయారు. ఒకరు విమానంలో ఉన్నవారు, రెండోవారు రోడ్డు మీద మోటారు సైకిల్‌పై వెళ్తున్న మనిషి. టిక్కెట్టు కొననివాడు, వాతావరణంతో పని లేనివాడు. ఆ రోజు మబ్బు కాస్త ముందు విడిపోయి ఉంటే? ఆ పైలట్ కూడా మామూలుగా ఇంటికెళ్ళి భోంచేసేవాడు. అతని నిర్ణయం గురించి ఎవరూ నోరెత్తేవారు కాదు.

ఇక్కడే నాకు చిక్కొచ్చింది. మనం తూచేది నిర్ణయాన్నా, ఫలితాన్నా? గట్టెక్కితే మొనగాడు, మునిగితే మూర్ఖుడు, మధ్యలో చేసిన పని మాత్రం ఒకటే. దీన్నే 1976లో బెర్నార్డ్ విలియమ్స్ అనే ఇంగ్లీషు తత్త్వవేత్త ‘మోరల్ లక్’ అన్నాడు, నైతిక అదృష్టం అనుకుందాం. దానికి జవాబుగా రాసిన థామస్ నేగెల్ ఒక లారీ డ్రైవరు ఉదాహరణ చెప్పాడు. బ్రేకులు చూపించుకోవడంలో అశ్రద్ధ చేసిన డ్రైవరు. దారికి ఒక పిల్లవాడు అడ్డొస్తే అతను జీవితాంతం దోషి. రాకపోతే అశ్రద్ధ అంతే ఉన్నా అతనికి తన తప్పు తెలియనే తెలియదు. ఫలం మీద కాదు, పని మీదే నీకు అధికారం అని గీతలో విని పెరిగిన మనం ఈ ప్రశ్నకి జవాబు ఎప్పుడో తెలుసనుకుంటాం. కానీ ఇంటర్ ఫలితాల నాడు ఏ తెలుగింట్లోనైనా వెళ్ళి చూడండి, ఎవరు గీత పాటిస్తున్నారో!

2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. గల్ఫ్ నుంచి ఇంటికి వస్తున్నవాళ్ళు. వాన. ఒకసారి దిగబోయి పైకి లేచారు, రెండోసారి అవతలి దిక్కునుంచి, తోకగాలిలో దిగారు. 8,858 అడుగుల తడి రన్‌వేలో చక్రాలు నేలని తాకింది సుమారు 4,438 అడుగుల దగ్గర, అంటే సగం దాటాక. గుట్ట మీద చదును చేసిన రన్‌వే అది, అంచు దాటితే లోయే. పైలట్లిద్దరితో కలిపి 21 మంది పోయారు. ఆ కెప్టెన్ మర్నాడు పొద్దున కోళికోడ్ నుంచే మరో విమానం నడపాల్సి ఉందన్న విషయాన్ని దర్యాప్తు నివేదిక ప్రత్యేకంగా ప్రస్తావించింది. అనుభవం లేనివాడు కాదు, వైమానిక దళంలో పనిచేసి వచ్చినవాడు. అతన్ని తిట్టడం నాకు చేతకాదు. ఆ ఒక్క వివరం మాత్రం మనసులో గుచ్చుకుని ఉండిపోయింది. వెనక్కి తిరిగితే రేపటి పని చెడుతుంది. మనందరం రోజూ లొంగేది దానికే.

అమెరికాలో ఎమ్మైటీ లింకన్ ప్రయోగశాల వాళ్ళు 1999లో డాలస్ విమానాశ్రయం దగ్గర పైలట్లు ఉరుముల మబ్బుల్ని తప్పించుకుంటారా, దూసుకెళ్తారా అని లెక్క తీశారు. సుమారు 2,000 సందర్భాల్లో మూడింట రెండువంతుల సార్లు దూసుకెళ్ళారు. ఎప్పుడు ఎక్కువగా? ముందు మరో విమానం వెళ్ళినప్పుడు, పావుగంట కంటే ఆలస్యమైనప్పుడు, చీకటి పడ్డాక. మబ్బులో తేడా కంటే మనిషిలో తేడా! ‘ముందువాడు దిగాడు కదా’ అన్నది ఎంత బలమైన వాదనో చూడండి. ముందువాడి అదృష్టాన్ని మన జాగ్రత్త కింద జమ కట్టేసుకుంటాం.

అందుకే, పైన నిర్ణయించేవాడి కంటే ముందు కింద చెప్పేవాడి బాధ్యత గురించి ఆలోచించాలనిపిస్తుంది. 2021 నవంబరు 4 నుంచి ప్రపంచమంతా రన్‌వే స్థితిని ఒకే పద్ధతిలో చెప్పాలన్నారు. రన్‌వేని మూడు భాగాలు చేసి ఒక్కోదానికి 6 నుంచి 0 దాకా అంకె ఇస్తారు. పొడిగా ఉంటే 6, తడిస్తే 5, మూడు మిల్లీమీటర్లకి మించి నీరు నిలిస్తే 2. దిగిన పైలట్ ‘బ్రేకు సరిగ్గా పట్టడంలేదు’ అంటే అంకె ఇంకా తగ్గించొచ్చు. కాకినాడ, విశాఖ రేవుల్లో ‘పదో నంబరు ప్రమాద హెచ్చరిక’ అని రేడియోలో విని గుండెలు చిక్కబట్టుకున్నవాళ్ళం మనం. మనకి అంకె పెరిగితే భయం, వీళ్ళకి తగ్గితే. ఎటైనా ఆ అంకె వేసేవాడు గొడుగు పట్టుకుని వానలో నిలబడిన ఒక మామూలు ఉద్యోగి. విమానాలు ఆగిపోతే పైవాళ్ళు చికాకు పడతారని 2ని 3 చేస్తే అడిగేవాడెవడూ ఉండడు. తొంభై తొమ్మిదిసార్లు ఏమీ కాదు కూడా. ‘నిర్ణయం నాది కాదుగా’ అని అతను అనుకోవచ్చు. కానీ వేగంగా కిందికి వస్తున్నవాడికి ఆ అంకె తప్ప నేల తెలియదు. దాన్ని మెత్తబరచడమంటే అవతలివాడి నిర్ణయాన్ని అతనికి తెలియకుండా మనమే తీసేసుకోవడం.

చెప్పిన మాట మధ్యలో ఆగిపోతే ఏమవుతుందో ఈ ఊరికి తెలిసినంతగా మరో ఊరికి తెలియదు. 2008లో నర్గీస్ తుపాను బంగాళాఖాతంలో పుట్టి మొదట వాయువ్యంగా, మనవైపే కదిలింది. తర్వాత తూర్పుకి తిరిగి మే 2న ఇరావతి డెల్టా మీద పడింది. మన వాతావరణ శాఖ ఇక్కడి ప్రభుత్వానికి ముందునుంచీ హెచ్చరికలు పంపుతూనే ఉంది. అవి డెల్టా పల్లెల్లోని గుడిసెలకి చేరవలసినట్టు చేరలేదు. చనిపోయినవారూ గల్లంతయినవారూ కలిసి దాదాపు 1,38,000 మంది.

మా పై అంతస్తులో ఒక పెద్దాయన ఉన్నారు. తాత శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ రంపపు మిల్లులో చేరాడట. మనవడికి తెలుగు రాయడం రాదుగానీ మాట మాత్రం అచ్చం శ్రీకాకుళం మాటే. హేహో సంగతి చెప్పి, “మీరేమంటారు బాబాయిగారూ?” అని అడిగాను. ఆయన విమానం గురించి ఏమీ అనలేదు. 1942 గురించి మొదలుపెట్టారు.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది భారతీయులు ఊరు విడిచారు. ఓడలో చోటు దొరకనివాళ్ళు ప్రోమ్ మీదుగా కొండలు దాటి అరకాన్ తీరానికి నడిచారు. కలరాతో, ఆకలితో దారిలో వేలమంది రాలిపోయారు. ఆయన తాత, తాత అన్న ఒకే రాత్రి మాట్లాడుకుని, ఒకరు ఉండిపోయారు, ఒకరు నడిచారు. నడిచిన ఆయన కబురు మళ్ళీ రాలేదు.

“మా తాత తెలివైనోడని ఇంట్లో అందరూ అంటారు బాబూ. తెలివీ నేదు, గిలివీ నేదు. ఇద్దరికీ తెల్సింది ఒకటే. బాంబు మాయింటి మీద పడుంటే తెలివైనోడు ఆ పెద్దతాత అయ్యుండేవోడు.”

“అయితే ఎవరినీ ఏమీ అనకూడదంటారా?”

“అనొచ్చు. ఆ రేత్రి అతనికి ఏటి తెల్సో అడిగి, అప్పుడను.”

నాకు తోచింది కూడా దాదాపు అదేగానీ, ఒక్క ముక్క కలపాలి. ఆ రాత్రి అతనికి ఏం తెలుసన్నది ఒక్కటే కాదు, తెలిసినా చెయ్యనివ్వకుండా అతని వెనక ఎవరు నిలబడ్డారన్నది కూడా అడగాలి. ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ అధ్యయనంలో తేలిందేమిటంటే, సరిగ్గా కుదరని దిగుడుల్లో వందకి మూడే మళ్ళీ పైకి లేస్తాయి, మిగతా తొంభై ఏడూ ఎలాగో దిగేస్తాయి. అందుకే కొన్ని దేశాల్లో, కొన్ని సంస్థల్లో, పైకి లేచిన పైలట్‌ని సంజాయిషీ అడగకూడదన్న నియమం పెట్టారు. ఆ నియమం కాగితం మీద సంస్థది. కానీ సీట్లలో కూర్చుని పిరికివాడని అరిచే మనది ఏ నియమం?

ఆ తౌంజీ ఆవిడకి ఇదంతా చెప్పగలనా అంటే చెప్పలేను. ఆవిడ పోగొట్టుకున్నది నిజంగానే పోగొట్టుకుంది, పైలట్ సరిగ్గా చేసినా సరే. ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. అతను సరిగ్గానే చేశాడని నా నమ్మకం, ఆ మంచు నేను చూశాను గనక.

నా చేతిలో ఉన్నది చిన్నపని. చలికాలంలో హేహో వైపు వెళ్ళే మా మనుషులకి దిగిన రోజే మీటింగు పెట్టను. ఒకరోజు ముందే పంపిస్తాను, విమానం తిరిగొచ్చినా ఎవరి పనీ చెడకుండా. దానికి ఒక రాత్రి హోటలు ఖర్చు అదనం. ఏటా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వచ్చే ఆ బిల్లులు చేతిలో పట్టుకుని, ఇవి ఏ పద్దు కింద రాయమంటారని మా అకౌంటెంటు అడుగుతూనే ఉంటాడు.