చంటిబిడ్డతో దూరదేశ ప్రయాణము



మన పల్లె సంఘములలో ఆరాధనవేళ కాపరిగారి చేతికి వచ్చు ప్రార్థన చీటీలలో ఈ మధ్య ఒక క్రొత్త రకము చేరినది. మా కుమార్తె ఆరు నెలల బిడ్డతో అమెరికా పోవుచున్నది, ప్రార్థించుడి. మా కోడలు పిల్లవానిని ఎత్తుకొని గల్ఫులోనున్న భర్తయొద్దకు పోవుచున్నది, ప్రార్థించుడి. ప్రార్థించుచున్నాము, మంచిదే. అయితే ఆ ప్రార్థనకు ముందే ఇంటిలో అడుగవలసిన ప్రశ్న యొకటి గలదు. ఈ ప్రయాణము ఎవరిది?

పెద్దవారు ఆలోచించుకొని బయలుదేరుదురు. చంటిబిడ్డ ఆలోచింపలేదు, సరే యనలేదు, వద్దనలేదు. వానికేమి తెలియును, ఎత్తుకొనిపోయిన చోటే వాని ఊరు అని మనము తేలికగా అనుచుందుము. అందులో కొంత నిజము లేకపోలేదు. పాలు త్రాగు బిడ్డకు తల్లి ఒడియే దేశము. కాని ఆకలి, చలి, జ్వరము, చెవిపోటు బిడ్డకును తెలియును. చెప్పుకొనుటకు ఏడుపు తప్ప మాట లేదు, అంతే. చెప్పుకొనలేని వాని పక్షమున మాటలాడువారు ఎవరు? మాటలాడినప్పుడు వినువారు ఎవరు?

మన సంఘ చరిత్రలోనే దీనికొక దృష్టాంతము గలదు. విలియం కేరీ పేరు వినని క్రైస్తవ కుటుంబము అరుదు. చెప్పులు కుట్టి జీవించిన ఆ ఇంగ్లీషువాడు బంగాళమునకు వచ్చి వాక్యమును అనేక భాషలలోనికి మార్చెను. 1812లో శ్రీరాంపూరు అచ్చుకూటము కాలిపోయి తెలుగు అక్షరములు కూడ నష్టమైనను, మరల పూనుకొని 1818లో తెలుగు క్రొత్త నిబంధనను అచ్చు వేసిరి. ఇంతవరకు అందరు చెప్పుదురు. అతని భార్య డోరతి సంగతి చెప్పువారు తక్కువ.

ఆమె పల్లెటూరి స్త్రీ. పెండ్లినాడు రిజిస్టరులో పేరు వ్రాయలేక గుర్తు పెట్టినది. 1793లో భర్త హిందూదేశమునకు పోవుదునని తీర్మానించుకొన్నప్పుడు ఆమె నిండు గర్భిణి. నేను రాను అనెను. అతడు పెద్ద కుమారుని మాత్రము తీసికొని ఓడ ఎక్కెను. అయితే కంపెనీవారి అనుమతి లేనందున ఆ ఓడనుండి దిగిపోవలసి వచ్చెను. ఈలోగా డోరతి ప్రసవమై జేబెజు అను మగబిడ్డ పుట్టెను. అప్పుడు కేరీయు, అతని తోటి పనివాడగు తామసు అను వైద్యుడును మరల వచ్చి రమ్మని అడిగిరి. ఆమె మరల రాననెను. ఇద్దరు వెళ్లిపోయిరి. త్రోవలోనుండి తామసు తిరిగివచ్చి, ఇప్పుడు రాకపోతివా, నీ కుటుంబము ఎన్నటికిని కలియదు, బ్రతికినన్నాళ్లు విచారింతువు అని చెప్పెను. ఆమె చెల్లెలు తోడు వచ్చునట్లయితే వత్తునని ఒప్పుకొనెను. జూన్ 13న డెన్మార్కువారి ఓడలో వారు బయలుదేరిరి. బిడ్డ ఇంకను నెలల గుడ్డు. నవంబరులో కలకత్తా చేరిరి. అయిదు నెలలు నీళ్లమీదనే.

కేరీని తగ్గించుటకు ఇది వ్రాయుటలేదు. అతని ఋణము మనము తీర్చుకొనలేము. అయినను అడుగక తప్పదు: అంత తొందరలో, అంత బెదరింపుమీద వచ్చిన ఒప్పుకోలును ఒప్పుకోలు అనవచ్చునా? పిలుపు ఒకనికి వచ్చెను, ఓడ ఎక్కినది ఇంటిల్లిపాది. ఆ చంటిబిడ్డ బ్రతికెను. పెరిగి పెద్దవాడై 1814లో తానే సువార్త పనికి అంబోయినా ద్వీపమునకు పోయెను. కాని వచ్చిన మరుసటి యేడే అయిదేండ్ల పీటరు విరేచనములతో కన్నుమూసెను. శవమును పాతిపెట్టుటకు సహాయము చేయువారు దొరకుటయే కష్టమాయెను. 1795 మొదలుకొని తల్లికి మతి చెదరెను. మరి నెమ్మది కలుగలేదు. 1807 డిసెంబరులో ఆమె శ్రీరాంపూరులో మరణించెను. ఆమె మొదట రెండుసార్లు వద్దన్న మాట పిరికిమాట అని చాలమంది వ్రాసిరి. నాకట్లు తోచదు. బాలింతరాలు తన బిడ్డ పక్షమున, తన దేహము పక్షమున పలికిన మాట అది.

నేడు అయిదు నెలల ఓడ ప్రయాణము లేదు. హైదరాబాదునుండి గల్ఫు దేశములకు నాలుగైదు గంటలు. అమెరికాకు మధ్యలో ఆగుటతో కూడ సుమారు ఒక దినము. కాని ఇంటిలో జరుగు మాటలు మాత్రము పెద్దగా మారలేదు. టిక్కెట్టు కొంటిని, ఇరువదవ తేదీకి రమ్ము అని ఫోను వచ్చును. ఇంకొక రెండు నెలలు ఆగి వత్తునని బిడ్డతల్లి అనినయెడల, చదువుకొన్నదానవు, నీకేమి భయము అని పెద్దలు అందురు. ఇంతకంటె చెడ్డ సంగతి, సంఘములోని మనము కూడ కలుగజేసికొని, విశ్వాసముంటే భయమెందుకమ్మా అందుము. తల్లి భయమంతయు అవిశ్వాసమేనా? బిడ్డకు రాత్రి ఎన్నిమారులు ఆకలియగునో, ఏ పక్కకు పరుండబెట్టిన ఊపిరి సుళువుగా ఆడునో ఎరిగినది ఆమె యొకతెయే. ఆ ఎరుకను భయమను పేరుపెట్టి త్రోసివేయుట న్యాయము కాదు.

ఆదికాండము 33వ అధ్యాయము చదివి చూడుడి. ఏశావు తన మనుష్యులతో ముందు నడచుచు, కలిసి పోదము రమ్మని తమ్ముని పిలిచెను. యాకోబు ఒప్పలేదు. పిల్లలు లేతవారు, పాలిచ్చు పశువులున్నవి, ఒక్కదినము వడిగా తోలినయెడల మంద నిలువదు, వారి నడకకు తగినట్లు మెల్లగా వత్తును అనెను. అన్నను తప్పించుకొనుటకే ఆలాగనెనని కొందరు చెప్పుదురు, శేయీరుకు పోవుటకు మారుగా సుక్కోతుకు పోయెను గదా అందురు. కావచ్చును. అయినను గొఱ్ఱెలు మేపినవాడు చెప్పిన మాట గనుక అది నిజమైన మాట. ఈనిన ఆవును ఎండలో తోలవలదని మన రైతులకు ఎవరును నేర్పనక్కరలేదు. పశువుకు ఇచ్చు పాటి గడువు బాలింతరాలికి ఇయ్యవద్దా?

వెళ్లుట తప్పని నేననుటలేదు. మత్తయి 2వ అధ్యాయములో యోసేపు రాత్రివేళ లేచి శిశువును తల్లిని తీసికొని ఐగుప్తునకు పారిపోయెను. తెల్లవారువరకు ఆగియుంటే ఏమగునో హేరోదు కత్తి చెప్పును. అక్కడ తొందరయే ప్రేమ, ఎందుకనగా ఆ ప్రయాణము బిడ్డ కొరకే జరిగినది. తండ్రి ముఖము చూడక రెండేండ్లు పెరుగుటకంటె కొంత శ్రమపడి తండ్రిని చేరుట బిడ్డకు మేలుకావచ్చును. గోదావరి జిల్లాలనుండియు కడప ప్రాంతమునుండియు ఇంటిపనికి కువైటు వెళ్లిన తల్లులకు ఈ ఆలోచన చేసికొను భాగ్యము కూడ లేదు. వారు బిడ్డను తీసికొనిపోవ వీలులేదు. అవ్వయొద్ద విడిచిపోయిన ఆ స్త్రీలను వేలెత్తి చూపుటకు మనలో ఎవరికిని అధికారము లేదు.

కాబట్టి పోవువారు తేదీని ఎవరినిబట్టి పెట్టుకొనుచున్నారో చూచుకొనవలెను. రెండేండ్లు నిండని బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొనినయెడల టిక్కెట్టు ధర బాగుగా తగ్గును. అందుచేత రెండవ పుట్టినదినము రాకమునుపే పయనము పెట్టుకొనువారు గలరు. తప్పుపట్టను, లేనివారికి డబ్బు డబ్బే. కాని బిడ్డ ఆరోగ్యము దానికంటె ముందు రావలెను. మన దేశములో తట్టు టీకా తొమ్మిది నెలలు నిండిన తరువాత వేయుదురు. ఆరు నెలలు దాటి, తొమ్మిది నిండకమునుపే విదేశమునకు పోవలసివచ్చినయెడల ముందుగా ఒక మోతాదు అవసరమా అని వైద్యుని అడుగవలెను. అట్లు ముందు వేసినది లెక్కలోనికి రాదు, మామూలు మోతాదులు తరువాత వేయించవలసినదే. కొన్ని ఆఫ్రికా దేశములకు పచ్చజ్వరపు టీకా కావలెను. ఆరు నెలలు నిండని బిడ్డకు దానిని వేయరు, తొమ్మిది నిండువరకు ఆగుటయే మామూలు. అట్టి చోటికి బిడ్డను అప్పుడే తీసికొనిపోకుండుటయే మంచిది. పాస్‌పోర్టు బిడ్డకు వేరుగా ఉండవలెను. తనిఖీచోట బిడ్డ పాలను పెద్దల నీళ్ల సీసావలె పారవేయించరు, పాలని చెప్పి చూపిన చాలును.

ఇంకొక మాట. విమానములో మన పక్కన పరాయివారి బిడ్డ ఏడ్చును. ముఖము త్రిప్పుకొనువారు, విసుగుకొనువారు ఎందరో. దిగునప్పుడు గాలి ఒత్తిడి మారి ఆ పసి చెవులలో నొప్పి పుట్టుచున్నదని వారెరుగరు. మ్రింగినకొలది చెవి తెరుచుకొనును గనుక తల్లి ఆ సమయమున బిడ్డకు పాలియ్య చూచుచుండును. ఒక చేత బిడ్డ, ఒక చేత సంచి, నడుమునకు పట్టీ. ఆ అరగంట ఆమె సంచిని పక్కవారు పట్టుకొనవచ్చును.