కృష్ణపదార్థము - కృష్ణపరమాత్మ

భక్తితో పలికిన మాటయైనను, అది సత్యము కానిచో భగవంతునికి ప్రీతికరమగునా? ఈ సందేహము నాకొక ఛాయాచిత్రమువలన కలిగినది.

దొంతన్‌పల్లిలో మా ఇంట, భౌతికశాస్త్రము చదువుచున్న మా మనుమడు ఆ చిత్రమును చూపెను. వెబ్ అను అంతరిక్ష దూరదర్శిని తీసిన ఆ చిత్రము 2022 జూలైలో ప్రకటింపబడినది. మన పాలపుంతవంటి నక్షత్రవీధులు అనేకము గుమిగూడిన సమూహమది. అచ్చటి వెలుగు మనలను చేరుటకు సుమారు 460 కోట్ల సంవత్సరములు పట్టినదట! దాని చుట్టును వెలుగుగీతలు విల్లులవలె వంగియున్నవి. అవి ఇంకను వెనుకనున్న నక్షత్రవీధుల రూపములు. సమూహపు ఆకర్షణచే వాని కాంతి వంగినది. కనబడు నక్షత్రములును, వాయువులును కలిసినను కాంతి అంతగా వంగదు. కావున కనబడని ద్రవ్యము అందు అధికముగా నున్నదని శాస్త్రజ్ఞులు ఊహించిరి. 1933లోనే జ్వికీ అను పండితుడు కోమా సమూహములోని నక్షత్రవీధుల వేగమును చూచి ఇట్టి ఊహయే చేసెను. దీనినే తెలుగున కృష్ణపదార్థమందురు.

హైదరాబాదు నిజామియా వేధశాలలో పూర్వము గాజుఫలకములపై ఆకాశమును చిత్రించి నక్షత్రముల స్థానములను లెక్కించిరి. ఛాయాచిత్రము కనబడుదానినే పట్టునని నేననుకొంటిని. కనబడనిదానికిని అది సాక్షియగుట చూచి పులకించితిని. ఆ ఏకాదశినాటి ఉపన్యాసమున, "కృష్ణపదార్థమే కృష్ణుడు" అంటిని. శ్రోతలు చేతులు జోడించిరి. ఇంటికి వచ్చిన పిమ్మట మనుమడు మెల్లగా అడిగెను: "తాతగారూ, రేపు ఆ పదార్థపు కణం ప్రయోగశాలలో దొరికితే కృష్ణుడు దొరికాడంటారా? అసలది లేదని తేలితే కృష్ణుడు లేడంటారా?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొగను చూచి నిప్పును ఊహించుట అనుమానప్రమాణము. శాస్త్రజ్ఞులు చేసినది అదియే, అది యుక్తమే. కాని ఈశ్వరుడు అనుమానముచే సిద్ధింపడనియు, ఆయన విషయమున శాస్త్రమే ప్రమాణమనియు భగవద్రామానుజులు శ్రీభాష్యమున శాస్త్రయోనిత్వాధికరణమందు నిర్ణయించిరి. పాఠశాలలో చదివి, ఇతరులకు బోధించిన నేనే, ఒక పేరులోని శ్లేషకు లోబడి దానిని మరచితిని!

అచేతనమైన ప్రకృతి యావత్తు ఆయనకు శరీరమే. మా వాకిటి చింతచెట్టు ఎట్లో, ఆ కనబడని ద్రవ్యమును అట్లే. అంతకు మించి కాదు. అదేమిటో తమకింకను తెలియదని శాస్త్రజ్ఞులు నిస్సంకోచముగా చెప్పుచున్నారు. ఆ సత్యనిష్ఠ మనకును ఆదర్శము.

మరుసటి ఏకాదశినాడు అదే సభలో లేచి నా మాటను సవరించుకొంటిని. ఈమారు చేతులు జోడించినవాడను నేను.