చనిపోయినవాడి మీద నెపం

1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుంచి దుబాయికి బయలుదేరిన ఎయిరిండియా బోయింగ్ 747 'ఎంపరర్ అశోక' రెండు నిమిషాలైనా గడవకముందే బాంద్రా ఎదుట అరేబియా సముద్రంలో కూలిపోయింది. అందులోని 213 మందిలో ఒక్కరూ మిగలలేదు. మొదట చాలామంది అనుమానించింది విద్రోహచర్యనే.

అది కాదని తేలింది. అసలు సంగతి చూడబోతే చిన్నది. విమానం ఎటు ఒరిగిందో చూపే పరికరం ఒకటుంటుంది. కెప్టెన్ ముందున్న ఆ పరికరం చెడిపోయి, విమానం కుడికి ఒరిగినట్టే చూపుతూ ఉండిపోయిందట. దాన్ని సరిచేయబోయి ఆయన ఎడమకు తిప్పుతూ పోయాడు. నిజానికి విమానం అప్పటికే ఎడమకు ఒరుగుతోంది. బయట సముద్రానికీ ఆకాశానికీ మధ్య గీత కనబడని చీకటి. మా రాజపాళయంలో కరెంటు పోయిన రాత్రి కూడా చుక్కలు ఎక్కడ ఆగిపోయాయో చూసి పడమటి కొండలు ఎక్కడున్నాయో చెప్పగలం. ఆయనకు అంతమాత్రం ఆనవాలూ లేదు.

పక్కనున్న మిగతా పరికరాలను చూసుకోకపోవడం కెప్టెన్ లోపమే అన్నారు. 1985లో అమెరికా కోర్టు విమానం తయారీదారుల మీదా, పరికరం తయారీదారుల మీదా వేసిన దావాలను కొట్టేసింది. చివరికి భారమంతా జవాబు చెప్పుకోలేని మనిషి మీద మిగిలింది.

చీకట్లో నీ ఒంటిని నమ్మకు, చెవిలోని ద్రవం మోసం చేస్తుంది, పరికరాన్నే నమ్ము అని పైలట్లకు నేర్పుతారు. నేర్పినట్టు నమ్మినవాణ్ణి, నమ్మినందుకు దోషి అనవచ్చునా?

ట్రయల్ బ్యాలెన్సు కుదిరినంత మాత్రాన లెక్కలో తప్పు లేనట్టు కాదని బి.కాం. మొదటి సంవత్సరంలోనే చెబుతారు. ఒక తప్పు ఇంకో తప్పును కప్పేస్తుంది. అయినా బ్యాంకులో రెండో సంతకం పెట్టేవాడు చాలాసార్లు మొదటి సంతకాన్ని చూసే పెడతాడు. నేను పనిచేసిన ఒక బ్రాంచిలో ఒక సాయంత్రం 360 రూపాయలు తక్కువైంది. అందరి చూపూ క్యాషియర్ మీదికే. తేడా తొమ్మిదితో భాగింపబడితే అంకెలు తారుమారయ్యాయేమో చూడాలన్నది పాత సూత్రం. ఒక్కో ఓచరూ మళ్లీ చూద్దామని ఆ క్యాషియరే పట్టుబట్టాడు. రాత్రి తొమ్మిదిన్నరకు దొరికింది: 1,620 ఉండాల్సిన చోట ఎవరో 1,260 రాశారు. పట్టుబట్టడానికి అతను బతికి ఉన్నాడు.

అనుమానించడమే తప్పని నేననను. 1985 జూన్ 23న ఐర్లండు దగ్గర సముద్రంలో 329 మందితో 'కనిష్క' కూలినప్పుడు బాంబు అన్న అనుమానమే నిజమైంది. రెండో పరికరం చూడలేదన్న మాటా రాయాల్సిందే, లేకపోతే తర్వాతి పైలట్‌కు తెలిసేదెలా? కానీ అది కారణం. కారణం రాసే కలంతోనే దోషి పేరు కూడా రాసేయడానికి మనకెందుకంత తొందర?

2025 జూన్ 12న అహ్మదాబాదులో విమానం ఎగిరిన కొద్ది సెకన్లకే కూలింది. జులైలో ప్రాథమిక నివేదిక రాగానే, తుది విచారణ కాకముందే, మా బస్టాండు టీకొట్టు దాకా అందరూ పైలట్ల మీద తీర్పు చెప్పేశారు. కెప్టెన్ తండ్రి, తొంభై దాటిన పెద్దాయన, సుప్రీంకోర్టుకు వెళ్లాడు. కొడుకు మీద నింద పడిందన్న భారం మీరు మోయవద్దని నవంబరులో న్యాయమూర్తి ఆయనకు చెప్పవలసి వచ్చింది.