కంటికి తగిన వెలుతురు

మా వీధి చివర డీటీపీ సెంటర్లో పెళ్లి కార్డులు, కరపత్రాలు టైపు చేసే అమ్మాయి ఉంది. సాయంత్రమయ్యేసరికి కళ్లు మండుతున్నాయని, మొహం కడుక్కొచ్చి మళ్లీ కూర్చునేది. ఒకరోజు వెళ్లి చూద్దును కదా, ఆమె వీపు వెనకే కిటికీ. ఎండంతా కంప్యూటర్ తెర మీద పడి మెరుస్తోంది. ఆ మెరుపును తట్టుకోవడానికి తెర వెలుతురు నూటికి నూరూ పెట్టుకుంది పాపం.

ఇద్దరం కలిసి బల్ల తిప్పాం, కిటికీ పక్కకు వచ్చేలా. తెర పక్కన తెల్ల కాగితం పట్టుకుని, రెండూ ఒకేలా కనిపించేదాకా వెలుతురు తగ్గించాం. తెరను చేయి చాపినంత దూరం జరిపాం. పై అంచు కంటి మట్టానికి కాస్త దిగువకు దించాం.

అక్షరం సైజు సంగతి మనం బొత్తిగా పట్టించుకోం. తెలుగులో ఒత్తులెక్కువ. అది వట్రసుడా, క్రావడా అని తేల్చుకోవడానికే మెడ ముందుకు సాగుతుంది. జూమ్ పెంచుకోండి, అచ్చులో సైజేమీ మారదు.

మామూలుగా నిమిషానికి 15 సార్లు వాలే రెప్ప, తెర ముందు అందులో సగం కూడా వాలదు. కన్ను పొడిబారేది అందుకే. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరాన్ని 20 సెకన్లు చూడమంటారు కంటి డాక్టర్లు. ఆ అమ్మాయి ఇప్పుడు ఎదురుగా ఉన్న వేపచెట్టును చూస్తోంది.

ఇవాళ కంప్యూటర్ ముందు కూర్చోగానే, పని మొదలుపెట్టకముందే, కిటికీ ఎటుందో ఒక్కసారి చూసుకోండి.