దర్గా గుమ్మములో మనము



సెలవులలో యౌవనస్థులను కోలారు వైపు తీసికొని వెళ్లు సంఘములున్నవి. 2001లో గనులు మూతపడిన తరువాత కె.జి.ఎఫ్.లో సైనైడు దిబ్బలు తప్ప చూచుటకేమున్నదని కొందరందురు. బంగారపేట తాలూకాలోని బూదికోట హైదరాలీ పుట్టిన ఊరు. ఆయన తండ్రి ఫతే మహమ్మదు సమాధి కోలారు మక్బరాలో ఉన్నది. 1782లో చిత్తూరు దగ్గర హైదరాలీ చనిపోగా దేహమును మొదట ఇక్కడికే తెచ్చి, తరువాత శ్రీరంగపట్నము చేర్చిరి. ఒకప్పుడు ఈ జిల్లాలోనిదే, 2007 నుండి చిక్కబళ్లాపుర జిల్లాలో చేరిన మురుగమల్ల దర్గాకు హిందువులును వెళ్లుదురు.

మనము వెళ్లవచ్చునా? పౌలు ఏథెన్సులో సంచరించి, వారు పూజించువాటిని శ్రద్ధగా చూచెను. ఎఫెసులో ఈయన మనుష్యులు గుడి దోచలేదు, దేవతను దూషింపలేదు అని పట్టణపు కరణమే చెప్పెను (అపొ. 19). అన్యుని నోట వచ్చిన ఆ సాక్ష్యము నాకు మిక్కిలి విలువైనది. 1612లో మన బాప్టిస్టు పెద్ద తామస్ హెల్విస్, తురకల మనస్సాక్షి మీద కూడ రాజునకు అధికారము లేదని వ్రాసి, చెరసాలలోనే మరణించెను.

అయితే బస్సు దిగినంత మాత్రమున సహనము పుట్టదు. యాభైమంది దిగి, ఫోటోలకు నవ్వుచు నిలువగా, ప్రార్థనకు వచ్చిన ముసలమ్మకు చోటుండదు. కనుక నియమములు పెట్టవలసినది ఆ స్థలము వారే: నమాజు వేళ సందర్శకులను ఆపుట, కెమెరా ఎంతవరకో చెప్పుట, కన్నడము, ఉర్దూ, తెలుగులలో బోర్డు, బండ్ల రుసుములో కొంత మరమ్మతులకు.

ఆ బోర్డు మీద ఏమి వ్రాయవలెను? ఇదే కష్టము. 1784లో హైదరు కుమారుడు టిప్పు మంగళూరు కతోలికులను చెరపట్టి శ్రీరంగపట్నమునకు నడిపించెను. అదే టిప్పు, 1791లో మరాఠా దండు దోచిన శృంగేరి మఠమునకు ధనమిచ్చెను. రెండును చెప్పవలెను. ఒకటి దాచిన బోర్డు మర్యాదగా కనబడునేమో గాని, మోసమే. మనుమడు చేసినదానిని, హైదరు పసివాడై ఉండగానే చనిపోయిన తాత సమాధి మీదను, గుమ్మములో పూలమ్ము మనిషి మీదను మోపుట అంతకంటె చెడ్డది.

అక్కడ కరపత్రములు పంచవచ్చునా అని అడుగుదురు. మన సమాధుల తోటలో ఎవరైన వచ్చి అట్లు చేసిన మనకెట్లుండును? చాదరు కప్పమని ఎవరైన అడిగినయెడల, అది మా విశ్వాసము కాదని నెమ్మదిగా చెప్పవచ్చును. అందుకు ఎవరును నొచ్చుకొనరు. శుక్రవారము మధ్యాహ్నము మాత్రము వెళ్లకుడి. పిల్లలకు తలగుడ్డ, చెప్పులుంచుటకు సంచి వెంట తీసికొని పొండి.